నీరు నిలిచే రోజులే పంటకాలం: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత మంచినీటి మత్స్యకారుల జీవన స్థితిగతులు

చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో ప్రథమ స్థానంలో ఉన్నది. ఈ స్థానం ప్రధానంగా కృష్ణా, గోదావరి డెల్టాలలోని చెరువుల సాగు వలన లభించినది. అదే రాష్ట్రంలో కర్నూలు జిల్లా పడమటి మండలాలకు వచ్చేసరికి పరిస్థితి పూర్తిగా భిన్నంగా కనిపిస్తుంది. ఆదోని, ఎమ్మిగనూరు చేపల అంగళ్లకు కోస్తా చెరువులలో పెరిగిన బొచ్చె, శీలావతి మంచుపెట్టెలలో వస్తుండగా, తుంగభద్ర గట్టున, హంద్రీ పరీవాహకంలో తరతరాలుగా చేపలు పట్టిన కుటుంబాలు మిరప కోతల కూలి కోసం గుంటూరు దారి పడుతున్నవి. వారికి వల విసరడం రాక కాదు, చేపలు కొనేవారు లేక కాదు. వల విసరవలసిన నీరు ఏడాదిలో కొన్ని నెలలు మాత్రమే నిలుస్తుంది. ఆ కొన్ని నెలల నీటిపై కూడ వారికి నిర్ణయాధికారం లేదు.

మెట్ట వ్యవసాయాన్ని అధ్యయనం చేసేవారు ముందుగా పరిశీలించే అంశం పంటకాలపు నిడివి. నేలలో తేమ ఎన్ని రోజులు నిలుస్తుందో తెలిసిన తరువాతనే పంటను, రకాన్ని, విత్తే సమయాన్ని నిర్ణయిస్తారు. చేపల విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. చెరువులో నీరు ఎన్ని రోజులు, ఎంత లోతున నిలుస్తుందనేదే అక్కడి చేపల పంటకాలం. ఈ దృష్టితో పరిశీలించినప్పుడు పశ్చిమ కర్నూలు మత్స్యకారుల పేదరికానికి గల కారణాలు, దానిని తగ్గించే మార్గాలు కొంత స్పష్టమవుతాయి.

నీటి వనరుల స్వరూపం

ఈ ప్రాంతం రాష్ట్రంలోని అల్ప వర్షపాత మండలానికి చెందినది. సాలుకు సగటున 500 నుండి 700 మిల్లీమీటర్ల మధ్య కురిసే వర్షం కూడ సక్రమంగా పంపిణీ కాదు. నల్లరేగడి నేలలలో పత్తి, శనగ, జొన్న, ఎర్రనేలలలో వేరుశనగ, ఆముదం, నీటి వసతి ఉన్నచోట వరి, ఉల్లి, మిరప ప్రధానమైన పంటలు. ఇటువంటి మెట్ట ప్రాంతంలో చేపల వృత్తి ఎలా నిలిచినదన్న ప్రశ్నకు ఇక్కడి నాలుగు రకాల నీటి వనరులే సమాధానం.

మొదటివి నదులు. కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాలను ఒరుసుకొని తుంగభద్ర ప్రవహిస్తుంది. పడమట హాలహర్వి వైపు వేదవతి, గోనెగండ్ల వైపు హంద్రీ ఉన్నవి. హంద్రీ, వేదవతి వర్షాకాలపు నదులు. తుంగభద్ర సైతం 1953లో హోస్పేట వద్ద ఆనకట్ట పూర్తయిన నాటి నుండి పైనుండి వదిలే నీటిని బట్టే ప్రవహిస్తున్నది. రెండవది తుంగభద్ర దిగువ కాలువ. బళ్లారి జిల్లా గుండా వచ్చి ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో సుమారు లక్షన్నర ఎకరాల ఆయకట్టుకు ఉద్దేశించిన ఈ కాలువకు చివరి భూములలో నీటి కొరత నిత్య సమస్య.

మూడవది గోనెగండ్ల మండలంలో హంద్రీపై 1970లలో నిర్మించిన గాజులదిన్నె జలాశయం. దామోదరం సంజీవయ్య పేరిట వ్యవహరించే ఈ జలాశయపు నిల్వ సామర్థ్యం సుమారు నాలుగున్నర టి.ఎం.సి.లు. సాగునీటితో పాటు అనేక గ్రామాల తాగునీటికి కూడ ఇదే ఆధారం. నాలుగవ రకం చెరువులు, కుంటలు, వేసవి నిల్వ చెరువులు. ఆదోని పట్టణంలోని రాంజల వంటి పాత జలాశయాలు, దిగువ కాలువ నీటిని నింపుకొని ఆదోనికి తాగునీరిచ్చే బసాపురం నిల్వ చెరువు వంటి కొత్త జలాశయాలు ఈ కోవలోనివి.

ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ చేపల కోసం నిర్మించినది కాదు. నీటిని ఎప్పుడు నింపాలి, ఎప్పుడు వదలాలి, ఎంత మిగల్చాలి అనే నిర్ణయాలు పంట అవసరాలను, తాగునీటి అవసరాలను అనుసరించి జరుగుతాయి. ఇది సహజమే. అయితే ఆ నిర్ణయాల ప్రభావానికి లోనయ్యే మూడవ వర్గం ఒకటి గట్టున ఉన్నదన్న స్పృహ లెక్కలలో ఎక్కడా కనిపించదు.

వృత్తి, పనిముట్లు, కుటుంబం

ఈ ప్రాంతంలో చేపల వేట ప్రధానంగా బెస్త కులస్థుల వృత్తి. కొన్నిచోట్ల వీరిని గంగపుత్రులని వ్యవహరిస్తారు. రాష్ట్ర వెనుకబడిన తరగతుల జాబితాలో ‘ఎ’ వర్గంలో బెస్త, జాలరి, గంగవార్, గంగపుత్ర, గూండ్ల తదితర మత్స్యకార కులాలు ఒకే సమూహంగా నమోదై ఉన్నవి. గ్రామాలలో ఇతర కులాల పేదలు సైతం కుంటలు ఎండే కాలంలో చేపలు పడతారు. గంగమ్మను కొలిచి కొత్త నీటిలో వల వేయడం బెస్త కుటుంబాలలో నేటికీ సాగుతున్న ఆచారం.

తుంగభద్రపై వీరి ప్రధాన సాధనం పుట్టి. వెదురు బద్దలను గుండ్రని గంపవలె అల్లి పైన తోలు బిగించే ఈ పడవను 16వ శతాబ్ది తొలి దశకాలలో విజయనగరాన్ని సందర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ ఆనెగొంది రేవు వద్ద చూసి వర్ణించినాడు. మనుషులనే గాక గుర్రాలను, ఎద్దులను కూడ అటువంటి పుట్టిలలో దాటించేవారు. నేడు తోలు స్థానంలో ప్లాస్టిక్ పట్టాలు, వాటిపై తారుపూత వచ్చినవి. వంతెనలు వచ్చిన తరువాత రేవు దాటించే ఆదాయం క్షీణించి, పుట్టి చాలావరకు వేటకే పరిమితమైనది. 2009 అక్టోబరు వరదలలో మంత్రాలయం, కర్నూలు నగరం మునిగిపోయిన సందర్భం వంటి ఆపత్సమయాలలో మాత్రం పుట్టి విలువ అందరికీ గుర్తుకు వస్తుంది.

వలలలో విసురు వల ఒంటరి వేటగాడిది. నీటిలో నిలువుగా కట్టి రాత్రంతా ఉంచే సన్నదారపు వలలు పుట్టి ఉన్నవారివి. గాలాలు, వెదురు బుట్టలు పిల్లకాలువలలో, మడుగులలో పనికి వస్తాయి. పూర్వం నూలు దారంతో ఇంటివద్దనే వలలు అల్లేవారు. ఇప్పుడు నైలాను వలలను కొని, బరువులు, తేలే బెండ్లు కట్టుకుంటున్నారు. వల కొనుగోలుకు అప్పు తీసుకొనడం, అప్పు ఇచ్చిన వ్యాపారికే అతను చెప్పిన ధరకు చేపలు అప్పగించడం మంచినీటి చేపల వేటలో విస్తృతంగా కనిపించే బంధం. ఈ బంధంలో వడ్డీ విడిగా లెక్కకు రాదు. అది చేపల ధరలోనే కోతపడుతుంది.

ఆదాయంలో స్త్రీల పాత్ర ముఖ్యమైనది. తెల్లవారుజామున గట్టుకు చేరిన చేపలను వేరుచేయడం, గంపలో పెట్టుకొని ఊళ్లు తిరిగి అమ్మడం, అమ్ముడుపోని చిన్న చేపలను ఉప్పుపెట్టి ఎండబెట్టడం వారి పని. మంచు లేకుండా ఎండలో తిరిగి అమ్మే చేపకు మధ్యాహ్నం దాటితే ధర ఉండదు. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో ఒక చిన్న మంచుపెట్టె స్త్రీ బేరశక్తిని ఎంతగా మార్చగలదో దీనిని బట్టి గ్రహించవచ్చును.

నీటికి తగిన చేప

కరవు ప్రాంతపు జలాశయాలలో చేపలను రెండు వర్గాలుగా చూడవచ్చును. కొర్రమీను, మార్పు వంటివి నీరు తగ్గినా తట్టుకొనే చేపలు. వీటికి మొప్పలతో పాటు గాలిని నేరుగా పీల్చుకొనే అదనపు శ్వాసావయవాలు ఉన్నవి. నీటిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు పైకి వచ్చి గాలి పీల్చి బ్రతుకుతాయి. బురద మడుగులో సైతం కొంతకాలం నిలుస్తాయి. తొలకరికి చెరువులోనే సంతానోత్పత్తి చేస్తాయి. కొర్రమీను తన గ్రుడ్లను, పిల్లలను కాపాడుకొంటుంది. ఈ నేలకు అలవాటు పడిన ఈ చేపలకు మార్కెట్టులో ధర కూడ ఎక్కువే. జెల్లలు, పరిగెలు వంటి చిన్న చేపలు పేద కుటుంబాల ఆహారంలో పోషక విలువ గలవి.

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు రెండవ వర్గానికి చెందినవి. ఇవి నీటి పైపొర, మధ్యపొర, అడుగుపొరలలోని ఆహారాన్ని వేర్వేరుగా వినియోగించుకొని వేగంగా పెరుగుతాయి. అయితే నిలకడ నీటిలో గ్రుడ్లు పెట్టవు. వాటికి వరద నీటి ప్రవాహం అవసరం. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, ఆయన సహచరులు పీయూష గ్రంథి స్రావపు ఇంజక్షను ద్వారా ఈ చేపలలో ప్రేరిత ప్రజననాన్ని సాధించిన తరువాతనే చెరువులకు కావలసినంత పిల్ల లభ్యమైనది. ఆ తేదీని జాతీయ మత్స్య రైతు దినోత్సవంగా జరుపుకొంటున్నాము. కావున గాజులదిన్నె వంటి జలాశయంలోనైనా, గ్రామ చెరువులోనైనా ఈ చేపల ఉత్పత్తి ఏటేటా వదిలే పిల్లపై ఆధారపడుతుంది. నదిపై సుంకేసుల, రాజోలిబండ ఆనకట్టలు, ఎగువన తుంగభద్ర ఆనకట్ట చేపల రాకపోకలకు అడ్డుగా నిలిచినందున సహజంగా వచ్చే పిల్ల కూడ తగ్గుతుంది.

ఇక్కడే ప్రధానమైన లోపం ఏర్పడుతున్నది. అంగుళం దాటని పిల్లను వదిలితే వాలుగ, కొర్రమీను వంటి మాంసాహార చేపలకు అది ఆహారమవుతుంది. జలాశయాలకు 80 నుండి 100 మిల్లీమీటర్ల పొడవు గల పిల్లను సిఫారసు చేయడానికి కారణం ఇదే. పిల్ల చిన్నదైనా, ఆలస్యంగా వచ్చినా, చెరువులో నీరు అయిపోయే నాటికి చేప అమ్మకపు బరువుకు చేరదు. అదను తప్పి విత్తిన పంట పొట్టదశలో బెట్టకు గురైనట్లే ఈ చేపల పంట కూడ నష్టపోతుంది.

ఏడాది పొడవునా ఒక కుటుంబం

జూలై, ఆగస్టు చేపల ప్రజనన కాలం. నదులలో, జలాశయాలలో వేటపై ఆంక్షలు ఉండవలసిన సమయం. పంట పనులు మొదలైనందున ఈ నెలలలో మత్స్యకార కుటుంబాలు కలుపు కూలికి వెళతాయి. సెప్టెంబరు నుండి డిసెంబరు వరకు నదిలో, కాలువలో, చెరువులలో నీరు ఉంటుంది. వేటకు ఇది ప్రధాన కాలం. అయితే నీరు విస్తారంగా ఉన్నప్పుడు చేప చెదరి ఉంటుంది కనుక శ్రమకు తగిన పట్టుబడి రాదు. ఎగువ నుండి ఒక్కసారిగా నీరు వదిలినప్పుడు వలలు, పుట్టిలు కొట్టుకొనిపోయే ప్రమాదం కూడ ఉన్నది. 2024 ఆగస్టు 10న తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు కొట్టుకొనిపోయిన ఘటన నది దిగువ గ్రామాలన్నింటినీ అప్రమత్తం చేసినది. గట్టున వల కట్టుకొనేవారికి గేట్ల సమాచారం ఎంత త్వరగా అందాలో ఆ ఘటన తెలియజేసినది.

జనవరి తరువాత నీరు తగ్గుతూ చేప ఒకచోటికి చేరుతుంది. పట్టుబడి పెరిగే ఈ కాలంలోనే ప్రతి చెరువులోనూ ఒకేసారి చేపలు దిగడం వలన ధర పడిపోతుంది. కాలువ కట్టివేసిన తరువాత మడుగులలో మిగిలిన చేప కొద్దివారాల ఆదాయం. మార్చి, ఏప్రిల్ నాటికి చాలా చెరువులు ఎండుతాయి. వేసవిలో బహిరంగ జలాశయం నుండి రోజుకు 8 నుండి 10 మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుంది. అనగా చెరువులో ఎవరూ ఒక్క చుక్క వాడకున్నా నెలకు దాదాపు ఒక అడుగు లోతు తరిగిపోతుంది.

ఇక మిగిలినది సుగ్గి. పడమటి కర్నూలు పల్లెలలో కోతల కాలపు వలసకు వాడుకలో ఉన్న పేరు ఇది. గుంటూరు వైపు మిరప కోతలకు, బెంగళూరు, హైదరాబాదు వైపు కట్టడపు పనులకు కుటుంబాలు తరలిపోతాయి. భూమి లేని మత్స్యకార కుటుంబానికి ఊరిలో నిలవడానికి ఆధారం మరీ తక్కువ. ముసలివారు ఇంటివద్ద మిగులుతారు. బడి ఈడు పిల్లలు తల్లిదండ్రుల వెంట వెళ్లిన సంవత్సరం చదువు ఆగిపోతుంది. 2011 జనగణనలో ఈ ప్రాంతపు మండలాల అక్షరాస్యత రాష్ట్ర సగటు కంటె ఎంతో తక్కువగా నమోదు కావడానికి వలస ఒక కారణం. తండ్రి వద్ద వల విసరడం, నీటి రంగును బట్టి లోతును, గాలిని బట్టి చేప కదలికను గుర్తించడం నేర్చుకోవలసిన వయస్సులో పిల్లవాడు మిరప తోటలో ఉంటున్నాడు. చదువు, వృత్తి రెండూ ఏకకాలంలో దూరమవుతున్నవి.

హక్కు ఎవరిది

గ్రామ చెరువులలో చేపలు పట్టే హక్కును కౌలుకు ఇస్తారు. మత్స్యకార సహకార సంఘం ఉన్నచోట దానికి ప్రాధాన్యం ఉంటుంది. లేనిచోట వేలం జరుగుతుంది. పెద్ద జలాశయాలలో లైసెన్సు పద్ధతి ఉన్నది. సంఘ సభ్యత్వానికి ఈత, వల విసరడం, వల అల్లడం వంటి నైపుణ్యాలను పరీక్షించే సంప్రదాయం వృత్తిదారులను గుర్తించడానికి ఉపకరించినది. అయితే గంపనెత్తి చేపలమ్మే స్త్రీ నైపుణ్యాన్ని ఆ పరీక్ష కొలవదు.

కౌలు విధానంలోని లోపాన్ని వ్యవసాయ దృష్టితో సులభంగా గ్రహించవచ్చును. కౌలు సంవత్సరం సాధారణంగా జూలై 1న మొదలై జూన్ 30న ముగిసే ఫసలీని అనుసరిస్తుంది. చెరువు నిండేది సెప్టెంబరులోనో అక్టోబరులోనో, లేదా ఆ సంవత్సరం నిండనే నిండదు. కౌలుదారు చెల్లించేది పన్నెండు నెలలకు, అనుభవించేది నీరు ఉన్న నెలలకు. ఒక్క ఏడాది కౌలులో పిల్ల కొని పెంచే ధైర్యం పేద సంఘానికి ఉండదు. పెట్టుబడి గల బయటి వ్యక్తి సంఘం పేరిట కౌలు మొత్తం కట్టి, సంఘ సభ్యులనే కూలికి పెట్టుకొనే పరిస్థితి ఇటువంటి చోట్ల సులభంగా ఏర్పడుతుంది. కాగితంపై హక్కు సంఘానిది, ఆదాయం మరొకరిది. పొరుగున శ్రీశైలం జలాశయంలో నిషిద్ధమైన అలివి వలలతో చిన్న పిల్లను సైతం ఊడ్చివేయడంపై స్థానిక మత్స్యకారుల ఫిర్యాదులు అనేక పర్యాయాలు వెలువడినవి. పెట్టుబడి బలం గలవారి ముందు సన్నకారు మత్స్యకారుడు నిలువలేని స్థితికి అది నిదర్శనం.

సాగునీటి నిర్వహణలోనూ ఇదే లోటు. 1997లో రాష్ట్ర సాగునీటి వ్యవస్థల రైతు నిర్వహణ చట్టం వచ్చి నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడినవి. సంఘంలో ఓటు హక్కు ఆయకట్టు భూమి గల రైతుకే ఉన్నది. చెరువుపైనే బ్రతికే మత్స్యకారుడు అక్కడ ఓటు లేనివాడు. తూము ఎత్తే రోజున చెరువులో చేప ఏ దశలో ఉన్నదో అడిగే గొంతు ఆ సమావేశంలో ఉండదు.

శ్రీలంక మెట్ట ప్రాంతపు అనుభవం ఈ సందర్భంలో పరిశీలించదగినది. అక్కడి గ్రామ చెరువులు కూడ ఋతుసంబంధమైనవే. ఈశాన్య ఋతుపవనాల వర్షానికి చెరువులు నిండిన తరువాత వేలెడు పిల్లను వదిలి, నీరు తరిగే ఆగస్టు, సెప్టెంబరు నెలలలో పట్టుబడి చేస్తారు. సాగునీటిని నిర్వహించే రైతు సంఘమే చేపల పెంపకంలోనూ భాగస్వామి కావడం వలన నీటి విడుదల, చేపల పట్టుబడి ఒకే పట్టికలోకి వస్తాయి. ఆ పద్ధతిని యథాతథంగా ఇక్కడకు తేవడం సాధ్యం కాదు. ఇక్కడ రైతు, మత్స్యకారుడు వేర్వేరు కులాలవారు కావడం వలన రైతు సంఘానికే చేపలపై హక్కును అప్పగిస్తే వృత్తిదారు పూర్తిగా వెలుపల పడతాడు. గ్రహించవలసినది ఇద్దరూ ఒకే నీటి పట్టికపై కూర్చొనే పద్ధతిని మాత్రమే.

పొలం నుండి చెరువుకు

రైతుకు, మత్స్యకారునికి మధ్య గల మరొక సంబంధం సస్యరక్షణ మందులది. ఆదోని ప్రాంతం పత్తికి ప్రసిద్ధి. పత్తిపై విస్తారంగా వాడిన కృత్రిమ పైరిత్రాయిడ్లు చేపలకు అత్యంత విషపూరితమైనవి. 2011లో సుప్రీంకోర్టు నిషేధించిన ఎండోసల్ఫాన్ కూడ అటువంటిదే. పిచికారీ డబ్బాలను చెరువులో కడగడం, ఖాళీ సీసాలను కాలువలో పడవేయడం, వర్షసూచన ఉన్న రోజున పిచికారీ చేయడం వలన మందు నేరుగా చెరువుకు చేరుతుంది. నీరు తక్కువగా ఉన్న చెరువులో విషపు గాఢత కూడ ఎక్కువ. పత్తి రైతుకు సమగ్ర సస్యరక్షణ గురించి బోధించే ప్రతి శిక్షణలోనూ ‘డబ్బాను చెరువుకు దూరంగా, పొలంలోనే కడగవలెను’ అన్న ఒక్క వాక్యం చేర్చడం ఖర్చులేని మత్స్య సంరక్షణ. విషం, పేలుడు పదార్థాలతో చేపలు చంపడాన్ని 1897 నాటి భారత మత్స్య చట్టమే నేరంగా పరిగణించినది. అజాగ్రత్త వలన చేరే విషాన్ని అరికట్టవలసినది విస్తరణ విద్య.

సాధ్యమైన మార్గాలు

ఒకటి, చెరువులను నీరు నిలిచే కాలాన్ని బట్టి వర్గీకరించడం. నాలుగు నెలల లోపు నీరు నిలిచే కుంటలు, నాలుగు నుండి ఎనిమిది నెలలు నిలిచే చెరువులు, ఏడాది పొడవునా నీరు గల జలాశయాలు అని మూడు తరగతులు చేసి, ఒక్కొక్క దానికి తగిన చేపను, పిల్ల పరిమాణాన్ని సూచించాలి. నేలల మ్యాపును, వర్షపాత వివరాలను పంట ప్రణాళికకు వాడినట్లే గత పది సంవత్సరాల నీటిమట్టాల నమోదును, ఉపగ్రహ చిత్రాలను ఇందుకు వినియోగించవచ్చును. ఇది విద్యార్థుల పరిశోధనకు తగిన అంశం.

రెండు, పెరుగుదల కుదించిన ఏడాది పిల్లల వినియోగం. కోస్తా రైతులు పిల్లను ఇరుకుగా, తక్కువ మేతతో దాదాపు ఏడాది ఉంచి, 100 గ్రాములు దాటిన తరువాత విశాలమైన చెరువులోకి వదులుతారు. అటువంటి పిల్ల అనుకూల పరిస్థితులలో వేగంగా పెరిగి ఆరు నెలలలోనే అమ్మకపు బరువుకు చేరుతుంది. నీటికాలం తక్కువగా గల పశ్చిమ కర్నూలు చెరువులకు ఈ పద్ధతి ఎంతో తగినది. పొట్టి పంటకాలానికి స్వల్పకాలిక వంగడాన్ని ఎన్నుకొనడం వంటిదే ఇది. ఈ పిల్లను దూరం నుండి తెచ్చే బదులు, గాజులదిన్నె వంటి శాశ్వత జలాశయపు అంచున వలగుడారాలలో, లేదా బోరు నీటి వసతి గల చిన్న గుంటలలో మత్స్యకార స్త్రీల సంఘాలే పెంచవచ్చును. వేట లేని నెలలలో పని, సుగ్గికి పోకుండా ఊరిలో నిలిచే అవకాశం ఇందులో ఉన్నవి. తాగునీటి నిల్వ చెరువులలో మాత్రం మేత గానీ ఎరువు గానీ వేయరాదు.

మూడు, కౌలును నీటితో ముడిపెట్టడం. కనీసం మూడు సంవత్సరాల కౌలు, చెరువు నిండని ఏడాదికి తగ్గింపు, కౌలులో సంఘానికే తప్పనిసరి అధికారం ఉన్నప్పుడే పిల్లపై పెట్టుబడి సాధ్యపడుతుంది. నాలుగు, అడుగు నిల్వ. సాగునీటి విడుదల ముగిసిన తరువాత చెరువులో ఒక లోతైన మడుగైనా నీటితో మిగిలితే కొర్రమీను, మార్పు వంటి తల్లి చేపలు తొలకరి వరకు బ్రతుకుతాయి. పూడిక తీసే పనులలో అటువంటి మడుగును ఒకచోట లోతుగా తవ్వడానికి అదనపు ఖర్చు స్వల్పం. వేసవిలో పశువులకు కూడ అది నీటి ఆధారం.

ఐదు, సామాజిక భద్రత. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల వేట విరామానికి సముద్ర మత్స్యకార కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం 2025లో 20,000 రూపాయల భృతి అందించినది. నీరే ఎండిపోయి అంతకంటె ఎక్కువ రోజులు వల ఆరవేసే తుంగభద్ర మత్స్యకారునికి అటువంటి భృతి లేదు. అయితే 2020లో ఆరంభమైన ప్రధాన మంత్రి మత్స్య సంపద యోజనలో వేట లేని మూడు నెలలకు ప్రభుత్వ వాటా 3,000, లబ్ధిదారు పొదుపు 1,500 కలిపి ఇచ్చే ఏర్పాటు మంచినీటి మత్స్యకారులకు కూడ వర్తిస్తుంది. అదే పథకం క్రింద ప్రమాద మరణానికి, శాశ్వత పూర్తి వైకల్యానికి 5 లక్షల రూపాయల బీమా ఉన్నది. 2018-19 నుండి కిసాన్ క్రెడిట్ కార్డు మత్స్యకారులకు కూడ విస్తరించినది. వల కోసం వ్యాపారి వద్ద అప్పు చేసే కుటుంబానికి ఈ కార్డు చేరితే చేప ధరను తానే నిర్ణయించుకొనే వెసులుబాటు కలుగుతుంది. ఈ సదుపాయాలు పొందడానికి సంఘ సభ్యత్వం, బ్యాంకు ఖాతా, దరఖాస్తు సమయానికి ఊరిలో ఉండడం అవసరం. వలస వెళ్లిన కుటుంబం ఈ మూడవ దానివద్దనే వెనుకబడుతుంది. దరఖాస్తుల స్వీకరణను కుటుంబాలు ఊరిలో ఉండే ఆగస్టు, సెప్టెంబరు నెలలకు మార్చడం చిన్న మార్పే అయినా ఫలితం పెద్దది.

విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత

ఎమ్మిగనూరు సమీపంలోని బనవాసిలో కృషి విజ్ఞాన కేంద్రం, ఆదోనిలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉన్నవి. పంటల విషయంలో రైతుతో ఏర్పడిన నమ్మకం వీటి బలం. మత్స్యశాఖ, నీటిపారుదల శాఖ, పంచాయతీలతో కలిసి ఒక్క చెరువును ఎన్నుకొని, దాని ఆయకట్టు రైతులను, మత్స్యకార సంఘాన్ని ఒకేచోట కూర్చోబెట్టి, వర్షాకాలారంభంలోనే నీటి పట్టికను తయారు చేయించడం ఆరంభంగా చేపట్టదగిన పని. ఎప్పుడు ఎంత నీరు పంటకు, ఎంత చేపకు, ఏ వారంలో పట్టుబడి అనే మూడు విషయాలు ఆ పట్టికలో ఉండాలి. ఆ పట్టుబడిని సంత రోజులకు అనుగుణంగా రెండు మూడు విడతలుగా జరిపితే ధర పతనం కూడ కొంత తగ్గుతుంది.

వ్యవసాయ విద్యార్థి గ్రామానికి వెళ్లినప్పుడు సర్వే పత్రంలో భూమి విస్తీర్ణం, పంట, పశువులు, పనిముట్లు అనే గడులు ఉంటాయి. భూమి లేని కుటుంబం వద్ద ఆ గడులన్నీ ఖాళీగా మిగిలి, ‘వ్యవసాయ కూలీ’ అన్న ఒక్క మాటతో పత్రం ముగుస్తుంది. ఆ ఇంటి చూరున వ్రేలాడే వలను, గోడకు ఆనించిన పుట్టిని నమోదు చేసే గడి కూడ ఆ పత్రంలో చేరవలసి ఉన్నది. ఆ కుటుంబానికి ఉన్న సేద్యభూమి చెరువే. దానిలో నీరు నిలిచే రోజులను లెక్కించి, ఆ రోజులకు తగిన పంటను సూచించవలసిన బాధ్యత వ్యవసాయ శాస్త్రానిది కూడ.